అడవి దాచిన బొగ్గు ఎవరి ఖాతాలోకి?

(బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం, బి.జెడ్.సి.)



గత వేసవి సెలవులకు చెన్నూరు దగ్గరి మా ఊరికి పోయిన రెండవనాడే మా బాపు ఒక కాగితం తెచ్చి నా ముందర పెట్టినాడు. ఊరి వెనుక, అడవి అంచున బీడుపడ్డ జాగలో మొక్కలు పెడతారట. ముప్పయి ఏండ్ల దాకా అందులోకి ఎవరూ పశువులను తోలరాదట. ఆ చెట్లు గాలిలోని బొగ్గును పట్టుకుంటాయి గనుక ఎక్కడెక్కడి కంపెనీలో ఊరికి పైసలు ఇస్తాయట. ఒక మనిషి వచ్చి ఈ మాటలన్నీ చెప్పి, సంతకాల కోసం కాగితం విడిచిపోయినాడు.

"నువ్వు సైన్సు చదువుతున్నవు గద బిడ్డా! చెట్టు గాలిని పట్టుకుంటే పైసలెట్లస్తయి? అడవి సర్కారుది, గాలి ఎవలదీ కాదు. మరి ఈ పైసలు ఎవలియి?" అని అడిగినాడు బాపు.

కిరణజన్య సంయోగక్రియ సమీకరణం నాకు నోటికి వచ్చును గాని, ఈ ప్రశ్నకు జవాబు రాలేదు. ఇంత చదువు చదివి ఇంట్లో అడిగిన ఒక్క మాటకు తెల్లముఖం వేసినందుకు సిగ్గనిపించింది. ఆ తరువాత దొరికినంత చదివి, తెలిసినవారిని అడిగి, నేను అర్థం చేసుకున్నదే ఈ వ్యాసం. మన కాలేజీలో చదివేవారిలో చాలామందిమి అడవి అంచు ఊళ్ళనుండి వచ్చినవాళ్ళమే. ఇలాంటి కాగితం రేపు మీ ఊరికీ రావచ్చును.

చెట్టులో బొగ్గు ఎంత?

కట్టెను మట్టి కప్పి కాలిస్తే బొగ్గు మిగులుతుందని మనందరికీ తెలుసు. ఆ బొగ్గే కర్బనం. అది చెట్టులోకి నేలనుండి రాలేదు, గాలినుండి వచ్చింది. ఆకులు గాలిలోని బొగ్గుపులుసు వాయువును, అనగా కార్బన్ డయాక్సైడును పీల్చి, ఎండ బలంతో దానినుండి పిండిపదార్థం తయారుచేసుకుంటాయి, ప్రాణవాయువును బయటికి విడుస్తాయి. కర్బనం కట్టెగా, వేరుగా, ఆకుగా చెట్టులోనే ఉండిపోతుంది.

ఎండిన కట్టె బరువులో ఇంచుమించు సగం కర్బనమే. 12 పాళ్ళ కర్బనం 32 పాళ్ళ ప్రాణవాయువుతో కలిస్తే 44 పాళ్ళ బొగ్గుపులుసు వాయువు అవుతుంది. అంటే చెట్టులో ఒక కిలో కర్బనం ఉన్నదంటే, అది గాలినుండి సుమారు 3.67 కిలోల వాయువును తీసుకున్నట్లు లెక్క. మన రైతుల లెక్కలో చెప్పాలంటే, ఎండు బరువు పది క్వింటాళ్ళు తూగే చెట్టులో అయిదు క్వింటాళ్ళ కర్బనం ఉంటుంది, ఆ చెట్టు పద్దెనిమిది క్వింటాళ్ళకు పైగా వాయువును పట్టుకున్నట్లు.

ఇది చాలా ఎక్కువ అనిపిస్తుంది. కాని ఒక లీటరు డీజిలు కాలిస్తే సుమారు 2.7 కిలోల వాయువు వస్తుంది. ఎన్నో ఏండ్లు పెరిగిన ఆ చెట్టు దాచినదంతా దాదాపు 680 లీటర్ల డీజిలు పొగతో సమానం. ట్రాక్టరు నడిపే మా కాకను అడిగితే అన్ని లీటర్లు ఎంత తొందరగా అయిపోతాయో చెబుతాడు.

చెట్టును కొట్టి తూచకుండా ఈ లెక్క ఎట్లా కడతారు? నేలనుండి 1.37 మీటర్ల ఎత్తున, అనగా మనిషి రొమ్ము ఎత్తున, మాను చుట్టుకొలత తీస్తారు. ఎత్తు అంచనా వేస్తారు. జాతి జాతికీ వేరువేరు సూత్రాలున్నాయి, వాటిలో ఈ కొలతలు వేస్తే బరువు వస్తుంది. అడవి మొత్తానికైతే అక్కడక్కడ కొన్ని చదరాలు గీసి, వాటిలోని చెట్లను కొలిచి, దానిమీదినుండి అడవి అంతటికీ లెక్కిస్తారు. నేను, బాపు కలిసి పశువుల పలుపుతాడుతోనే మా చెలక గట్టుమీది వేపచెట్టు చుట్టుకొలత తీసినాము. పెద్ద యంత్రాలేమీ అక్కర లేదు.

కాని చెట్టు ఒక్కటే ఖజానా కాదు. భారత అటవీ సర్వే సంస్థ 2021 నివేదిక ప్రకారం మన దేశపు అడవులలో సుమారు 720 కోట్ల టన్నుల కర్బనం ఉన్నది. అందులో సగానికి పైగా ఉన్నది మట్టిలో! రాలిన ఆకు, చచ్చిన వేరు మురిగి మట్టిలో కలిసి అక్కడ నిలిచిన కర్బనమది. బీడు అని మనం చూసీచూడనట్లు పోయే జాగలో కూడా గడ్డి వేర్ల కింద ఎంతో కొంత నిల్వ ఉంటుంది. యంత్రం పెట్టి పొదలన్నీ పెకిలించి, లోతుగా దున్ని మొక్కలు పెడితే, మొదటి ఏండ్లలో ఆ మట్టిలోని కర్బనం కొంత గాలికి లేచిపోతుంది. కాగితం మీద పెట్టిన మొక్కల సంఖ్య ఉంటుంది గాని ఈ నష్టం ఉండకపోవచ్చును.

చీటీ ఎట్లా పుట్టింది?

1997లో జపానులోని క్యోటో నగరంలో ఒక ఒప్పందం జరిగింది, అది 2005లో అమలులోకి వచ్చింది. ధనిక దేశాలు తమ పొగను తగ్గించుకోవాలని అందులో ఒప్పుకున్నాయి. తమ దగ్గర తగ్గించడం ఖరీదైతే, మనవంటి దేశంలో ఎవరైనా తగ్గించిన దానిని కొని తమ లెక్కలో వేసుకోవచ్చునని ఒక వెసులుబాటు పెట్టుకున్నాయి. ఒక టన్ను బొగ్గుపులుసు వాయువుకు ఒక చీటీ. దీనినే కార్బన్ క్రెడిట్ అంటారు. కొన్నవాడు "నా పొగలో ఒక టన్ను చెల్లు" అని రాసుకుంటాడు.

ఈ విషయంలో మన పాత ఆదిలాబాదు జిల్లా వెనుకబడి లేదు. జైనూరు మండలంలో పవర్‌గూడ అనే చిన్న గోండు గూడెం ఉన్నది. అక్కడి మహిళా సంఘం కానుగ మొక్కలు పెంచి, గింజలనుండి నూనె తీసే పని చేపట్టింది. పదేండ్లలో 51 టన్నుల కానుగ నూనె డీజిలుకు బదులుగా వాడితే 147 టన్నుల వాయువు తగ్గుతుందని లెక్క కట్టినారు. 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు వాషింగ్టనులో ఒక సమావేశం జరిపి, దానికి విమానాలలో వచ్చిపోయినవారి పొగకు చెల్లుగా ఆ 147 టన్నులు కొన్నది. ఆ సంఘానికి 645 డాలర్లు ఇచ్చింది, అంటే అప్పటి మారకంలో సుమారు 29 వేల రూపాయలు. మన జిల్లా అడవిలోని ఆడవాళ్ళు అమెరికా సమావేశపు పొగకు చీటీ అమ్మినారంటే ముచ్చటగానే ఉంటుంది. అయితే అక్కడ అమ్మినది చెట్టు మానులో దాచిన కర్బనం కాదు, డీజిలు కాల్చకుండా ఆపిన లెక్క. ఈ తేడా గుర్తు పెట్టుకోవాలి.

చెట్టులో దాచిన లెక్క ఖమ్మం జిల్లాలో జరిగింది. భద్రాచలం దగ్గర కాగితం మిల్లు నడిపే ఐ.టి.సి. కంపెనీ సామాజిక అటవీ పథకం కింద, సుమారు 3,070 హెక్టార్ల బీడు భూముల్లో నీలగిరి పెంచే పని 2009లో క్యోటో పద్ధతి కింద నమోదయింది. ఏటా సుమారు 57 వేల టన్నులు పట్టుకుంటుందని అంచనా వేసినారు.

క్యోటో పద్ధతిలో ఒక కట్టుబాటు ఉండెను. అడవి పెంచే పథకం 1989 డిసెంబరు ఆఖరునాటికి అడవి లేని భూమిలోనే జరగాలి. ముందునుండి నిలబడి ఉన్న అడవికి ఆ పద్ధతిలో పైసలు లేవు. ఇచ్చే చీటీ కూడా గడువున్న చీటీయే. గడువు తీరితే కొన్నవాడు మళ్ళీ కొనుక్కోవాలి. చెట్టు ఎన్నాళ్ళుంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరని ఆ నియమం రాసినవాళ్ళకు తెలుసునన్నమాట. ఉన్న అడవిని నరకకుండా కాపాడినందుకు పైసలివ్వాలనే మాట 2007లో బాలి సమావేశంనుండి బలపడింది.

మా ప్రాణహిత అడవికి చీటీ వస్తుందా?

మా చెన్నూరు వైపు ప్రాణహిత నది ఒడ్డున 136 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఉన్నది. 1980లో ప్రకటించినారు. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప చెట్ల మధ్య కృష్ణజింకలు తిరిగే అడవి అది. ఇట్లాంటి సర్కారు అడవి దాచిన కర్బనానికి చీటీలు అమ్మి, ఆ పైసలతో అడవినీ ఊళ్ళనూ బాగుచేయరాదా? నాకు మొదట ఇది చాలా మంచి ఆలోచన అనిపించింది. తరువాత నాలుగు చిక్కులు కనబడినాయి.

మొదటిది, అదనం. సారా ముట్టనివానికి సారా మానినందుకు బహుమానమిస్తే ఊళ్ళో తాగుడు తగ్గుతుందా? అభయారణ్యంలో చెట్టు కొట్టడం చట్టప్రకారం ఎప్పటినుండో నేరమే. పైసలు ఇచ్చినా ఇవ్వకున్నా నిలిచి ఉండవలసిన చెట్టుకు చీటీ రాసి, దానిని చూపించి మరొకచోట ఒకడు ఒక టన్ను పొగ వదిలితే, గాలిలో ఒక టన్ను పెరుగుతుంది. 2023 జనవరిలో గార్డియన్ పత్రిక మరికొందరితో కలిసి వర్షారణ్యాల చీటీలపై పరిశోధన జరిపింది. వెరా అనే పెద్ద సంస్థ ఆమోదించిన ఆ రకం చీటీలలో 90 శాతానికి పైగా నిజమైన తగ్గింపు లేనివే కావచ్చునని రాసింది. ఆ సంస్థ ఆ లెక్కను ఒప్పుకోలేదు. వాదం ఎట్లున్నా, చిక్కు ఎక్కడున్నదో దీనివల్ల తెలుస్తుంది.

రెండవది, నిలకడ. మా గోదావరి లోయలో బొగ్గు భూమికింద 25 కోట్ల ఏండ్లకు పైగా కదలకుండా ఉన్నది. దానిని తవ్వి కాలిస్తే వచ్చే వాయువులో కొంత భాగం వేల ఏండ్లు గాలిలో ఉంటుంది. మా ఊరికి వచ్చిన కాగితంలో గడువు ముప్పయి ఏండ్లు. ఈలోగా ఒక్క ఎండాకాలం అడవి అంటుకుంటే చాలు. ఫాల్గుణ చైత్రాలలో ఎండుటాకులు గలగలలాడే మా టేకు అడవిని చూసినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కర లేదు.

మూడవది, జారుబాటు. మా గుట్టపక్క జాగలో మేకలను ఆపితే మేకలు గడ్డి తినడం మానవు గదా! పక్క ఊరి అడవికి పోతాయి. కట్టెల మోపు కూడా అంతే. ఇక్కడ పెరిగినంత అక్కడ తరిగితే మొత్తం మీద లాభమేమి?

నాలుగవది, ఒకే సరుకును ఇద్దరికి అమ్మడం. 2030 నాటికి అడవుల ద్వారా అదనంగా 250 నుండి 300 కోట్ల టన్నుల వాయువును పట్టుకుంటామని మన దేశం 2015లో ప్రపంచానికి మాట ఇచ్చింది. మా ఊరి చెట్లు ఆ లెక్కలోకి వస్తాయి. అదే చెట్ల చీటీని పరాయిదేశపు కంపెనీ కొని తన లెక్కలో కూడా వేసుకుంటే? ఒకే వడ్ల బస్తాను ఇద్దరు సేట్లకు అమ్మినట్లు కాదా? అందుకే 2021లో గ్లాస్గో సమావేశంలో, ఒక దేశం మరొక దేశపు లెక్కకోసం అమ్మితే, అమ్మిన దేశం తన లెక్కలోనుండి దానిని తీసివేయాలని నియమం పెట్టినారు.

జైపూరు పొగగొట్టం లెక్క

చెన్నూరునుండి మంచిర్యాలకు బస్సులో వస్తుంటే భీమారం దాటినాక జైపూరు దగ్గర సింగరేణి విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కనబడతాయి. 2016నుండి అక్కడ కరెంటు తయారవుతున్నది. దాని శక్తి 1200 మెగావాట్లు. మా అన్న అక్కడే కాంట్రాక్టు పని చేస్తాడు, నా హాస్టలు మెస్సు బిల్లులో ఆ బొగ్గు పైసలు కూడా ఉన్నాయి. కాబట్టి ఆ పొగగొట్టాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. లెక్క మాత్రం వేద్దాము.

బొగ్గుతో ఒక యూనిటు కరెంటు తీస్తే సుమారు 0.9 కిలోలకు పైగా వాయువు వస్తుంది. 1200 మెగావాట్ల కేంద్రం నిండుగా నడిస్తే గంటకు 12 లక్షల యూనిట్లు. అంటే గంటకు సుమారు 1,100 టన్నులు. పవర్‌గూడ ఆడవాళ్ళు పదేండ్లకు అమ్మిన 147 టన్నులు ఈ లెక్కన ఎనిమిది నిమిషాలు. ఖమ్మంలో మూడువేల హెక్టార్లు ఏడాది పొడుగునా పట్టుకునేది రెండు రోజుల పైచిలుకు.

ఈ లెక్క వేసిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. చెట్లు పెట్టవద్దని దీని అర్థం కాదు. చెట్టు నీడనిస్తుంది, వాననీటిని నేలలోకి ఇంకిస్తుంది, తునికాకునిస్తుంది, ఇప్పపువ్వునిస్తుంది. ఇవి చాలు చెట్టు పెట్టడానికి. కాని చెట్టును చూపించి పొగగొట్టాల లెక్క తీరిపోయిందని ఎవరైనా అంటే ఆ లెక్క తప్పు. పొగ తగ్గవలసింది పొగగొట్టం దగ్గరే.

అడవికి పైసలు వేరే దారిన రావా?

వస్తాయి. కోస్టారికా అనే చిన్న దేశం 1996లో అటవీచట్టం చేసి, పెట్రోలు, డీజిలు మీది పన్నులో కొంత భాగాన్ని అడవి కాపాడే భూస్వాములకు, రైతులకు ఇస్తున్నది. పొగ వదిలేవాడు పన్ను కడతాడు, దానికి బదులుగా చెల్లుచీటీ అడగడు. నాకు ఈ పద్ధతి సబబుగా తోచింది.

మన దేశంలోనూ అడవికి వెల కట్టడం కొత్త కాదు. గనికో ప్రాజెక్టుకో అడవి భూమి తీసుకున్నవారు పరిహారం కట్టాలి, మరొకచోట చెట్లు పెంచాలి. ఈ నిధికోసం 2016లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. 2023 అక్టోబరులో కేంద్రం గ్రీన్ క్రెడిట్ అనే కార్యక్రమం ప్రకటించింది. క్షీణించిన అడవి భూములలో కంపెనీల పైసలతో అటవీశాఖ చెట్లు పెంచితే ఆ కంపెనీలకు క్రెడిట్లు వస్తాయి. ఇది కర్బనం చీటీ కాదు, వేరే చీటీ. మొదట చెట్టుకొక క్రెడిటు అన్నారు. 2025లో నియమం మార్చి, అయిదేండ్లు గడిచి, కొమ్మల గొడుగు కనీసం 40 శాతం జాగను కప్పితేనే క్రెడిటు అన్నారు. మొక్క పెట్టడం వేరు, చెట్టు బతకడం వేరు అని రైతుబిడ్డలకు పుట్టుకతోనే తెలుసు.

మరి హక్కు ఎవరిది? 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గిరిజనులకు, మూడు తరాలుగా, అనగా 75 ఏండ్లుగా, అడవిని నమ్ముకొని అక్కడ బతుకుతున్న ఇతరులకు హక్కులున్నాయి. తునికాకు, ఇప్పపువ్వు వంటివి ఏరుకొని అమ్ముకోవచ్చును. ఊరు సంప్రదాయంగా కాపాడుకుంటున్న అడవిని కాపాడి, నిర్వహించే హక్కు కూడా ఉన్నది. హక్కుల గుర్తింపు గ్రామసభనుండే మొదలు కావాలి. కాని ఆ చట్టంలో కర్బనం అనే మాట లేదు. కనుకనే మా బాపు ప్రశ్న అంత సులభమైనది కాదు.

నాకు తోచిన జవాబు ఇది. కర్బనాన్ని పట్టుకునేది చెట్టే అయినా, మేత విడిచేది మేకలున్న ఇల్లు, కట్టెల మోపు విడిచేది పొయ్యి దగ్గరి ఆడమనిషి, రాత్రి మంట ఆర్పడానికి ఉరికేది ఊరి పిల్లగాండ్లు. పైసలంటూ వస్తే మొదటి పాలు వీళ్ళదే కావాలి.

సంతకానికి ముందు

బాపు చేతికి ఒక కాగితం రాసి ఇచ్చినాను. అందులో ఉన్నవి ఇవే.

1. ఈ జాగ ఎవరి పేర ఉన్నది? గ్రామసభ తీర్మానం జరిగిందా?
2. టన్నుకు ఎంత వస్తుంది, అందులో ఊరికెంత, నడుమవారికెంత? ఏ ఏడాదినుండి?
3. చెట్లు కాలిపోయినా, ఎండిపోయినా నష్టం ఎవరు భరించాలి?
4. ఏ చెట్లు పెడతారు? ఇప్ప, తునికి, కానుగ ఉన్నాయా, లేక ఒక్క నీలగిరేనా?
5. పశువులకు దారి, మేత ఎక్కడ?
6. చీటీ కొనేవాడు తన పొగను కూడా తగ్గిస్తున్నాడా?
7. కాగితం తెలుగులో ఉన్నదా?

ఆ మనిషి రెండవసారి వచ్చినప్పుడు బాపు వీటిని ఒక్కొక్కటే అడిగినాడట. పైవాళ్ళను అడిగి చెబుతానని పోయినాడు, ఇంకా రాలేదు. ఊళ్ళో కొందరు బాపు మీద కోపంగా ఉన్నారు. వచ్చే పైసలను ఆపినావని అంటున్నారు. వాళ్ళను తప్పుపట్టలేను. పత్తి ధర పడిపోయిన ఏడాది ఏ పైసలైనా పైసలే. జవాబులు సరిగా వస్తే సంతకం పెట్టవచ్చునని నేనూ అనుకుంటున్నాను. మా అవ్వ మాత్రం ఒకటే మాట అన్నది: "చెట్లు పెట్టుమను, మేకలకు తొవ్వ ఇడువుమను."

ఈ వేసవిలో ఆ జాగలో ఇప్పుడే ఎంత కర్బనం ఉన్నదో కొలవాలని అనుకుంటున్నాను. రేపు ఎవరైనా వచ్చి "ఇక్కడ ఏమీ లేకుండె, అంతా మేమే పెంచినాము" అంటే చూపించడానికి మా దగ్గర ఒక లెక్క ఉండాలి గదా! చదరాలు గీయడానికి తాడు, చుట్టుకొలతకు టేపు, రాసుకోవడానికి ఒక నోటుబుక్కు చాలు. మన క్లాసు మిత్రులు నలుగురు వస్తే వారం రోజుల పని. మంచిర్యాల స్టేషనులో దిగి చెన్నూరు బస్సెక్కండి. భోజనం మా ఇంట్లోనే.